కుప్పం పచ్చ, మదనపల్లె తెలుపు
రాతిసీమ కట్టడాల కథ: 11వ భాగం

క్వారీలో రాయి రంగు తెలియాలంటే దాని మీద నీళ్లు పోయాలి. అప్పుడే కోసి తీసిన బండ ఒళ్లంతా దుమ్ము కప్పుకొని ఉంటుంది. నల్లరాయైనా, పచ్చరాయైనా, తెల్లరాయైనా చూపుకు బూడిద రంగే. కొనడానికి వచ్చిన వ్యాపారి బేరం మొదలుపెట్టే ముందు ఒక బకెట్టు నీళ్లు తెప్పిస్తాడు. నీళ్లు జారిన మేర రాయి అసలు రంగు బయటపడుతుంది. పాలిష్ పెట్టాక ఎలా మెరుస్తుందో ఆ తడిలోనే తెలిసిపోతుంది. ఎండకు ఆ తడి ఆరిపోయేలోగా వ్యాపారి చూపు బండ నలుమూలలా తిరుగుతుంది. అతను వెతికేది మచ్చ కోసం. ఒక తెల్లని గీత, ఒక నల్లని ముద్ద, రంగు కాస్త తిరిగిన ఒక పట్టె. అలాంటిది కనిపించిందంటే ధర పడిపోతుంది. లేదా ఆ బండ అక్కడే ఉండిపోతుంది.

కుప్పం, మదనపల్లె చుట్టుపక్కల క్వారీల్లో ఇది అందరూ ఎరిగిన తంతు. బెంగళూరులోనో చెన్నైలోనో సముద్రం అవతల మరో నగరంలోనో లేవబోయే మేడ ఏ రంగులో ఉండాలన్నది చాలాసార్లు ఇలాంటి చోటే తేలుతుంది. గ్రానైట్ బజారులో 'కుప్పం గ్రీన్' ఒక పేరు, 'మదనపల్లి వైట్' ఇంకొక పేరు. మన ఊళ్ల పేర్లు ఇలా రంగుల పేర్లయి తిరుగుతున్న సంగతి ఆ ఊళ్లలోనే చాలామందికి తెలియదు.

మదనపల్లె వైపున్న పెద్దతిప్పసముద్రం దగ్గర నిలబడి చూస్తే ఎత్తైనవంటే బండకొండలే. బి.కొత్తకోట మీదుగా హార్స్‌లీ కొండల వైపు వెళ్లినా దారి పొడవునా అవే గుండ్లు, అవే బోడి కొండలు. ఈ కొండలకూ నగరాల్లోని మేడలకూ కుదిరిన చుట్టరికం గట్టిగా నలభై అయిదేళ్ల నాటిది. అంతకు ముందు, శతాబ్దాల పాటు, మనవాళ్లకు తెలిసిన ఎత్తైన కట్టడం గోపురమే. దాని రంగు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకు మారిందో ముందు చూడాలి. క్వారీ దగ్గర వ్యాపారి మచ్చలు వెతకడం వెనక ఉన్న చరిత్ర అప్పుడే అర్థమవుతుంది.

సున్నం ఒప్పుకున్న రంగులు

పెద్దతిప్పసముద్రానికి పొరుగునే ములకలచెరువు మండలం. అందులోని సోంపల్లెలో విజయనగర కాలం నాటి చెన్నకేశవస్వామి గుడి ఉంది. గుడి ముందు ఒకే రాతితో మలిచిన పొడవాటి ధ్వజస్తంభం దూరం నుంచే కనిపిస్తుంది. చూడవచ్చినవాళ్లు దాన్ని తల ఎత్తి చూసి అబ్బురపడతారు. లోపల మండపం కప్పును కూడా తల ఎత్తి చూడాలి. అక్కడ సున్నపు పూత మీద వేసిన బొమ్మలున్నాయి. చాలా చోట్ల పూత రాలింది, పొగ పట్టింది. మిగిలినంత మేర చూసినా లేపాక్షి చిత్రాలకు ఇవి దగ్గరి బంధువులని తెలుస్తుంది. లేపాక్షి గుడి అచ్యుతరాయల కాలంలో, 1530ల ప్రాంతంలో, విజయనగర అధికారి విరుపణ్ణ పూనికతో రూపు దిద్దుకుంది. రెండు చోట్లా కనిపించే రంగులు కొద్దే: ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, అక్కడక్కడ పచ్చ.

ఇంత తక్కువ రంగులతో సరిపెట్టుకోవడానికి చిత్రకారుడి అభిరుచి ఒక్కటే కారణమని నేననుకోను. సున్నం ఘాటైన క్షారం. ఆకుల నుంచీ పూల నుంచీ తీసిన రంగులు చాలావరకు తడి సున్నంలో పడగానే విరిగిపోతాయి, లేదా కొన్నేళ్లకు వెలిసిపోతాయి. సున్నంతో కలిసి బతకగలిగినవి మట్టి రంగులు. ఇనుప ధాతువు ఉన్న ఎర్రమట్టి, అదే మన జాజు, ఎన్నేళ్లయినా మారదు. పసుపు మట్టి అంతే. బొగ్గు నలుపూ అంతే. ఇప్పటికీ గుడి ప్రహరీల మీద కనిపించే ఎర్ర, తెల్ల పట్టెల్లో ఉన్నవి జాజూ సున్నమే. ఊళ్లో అరుగు అంచుకు ఏ రంగు దిద్దుకున్నారో గుడి గోడకూ దాన్నే దిద్దారు, ఎందుకంటే గోడ మీద నిలబడేది అదే.

గోపురం విషయానికి వద్దాం. కింద ద్వారం ఉన్న భాగం గట్టి రాతితో కడతారు. ఆ పైన అంతస్తులన్నీ ఇటుకా సున్నమే. అంత ఎత్తుకు రాయి మోస్తే పునాది మీద భారం పెరుగుతుంది, అందుకని పైకి పోయేకొద్దీ కట్టడాన్ని తేలిక చేశారు. బొమ్మలు కూడా పైన గచ్చుతో చేసినవే. ఆ గచ్చు తయారీ పెద్ద శ్రమ. సున్నాన్ని రోజుల తరబడి నానబెట్టి, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో వెన్నలా నలిగేదాకా నూరేవాళ్లు. కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం నీళ్లు పోసేవాళ్లు. పై పూతకు అందులోంచి మరింత మెత్తనిది తీసేవాళ్లు. చివరికి గోపురం మొత్తం ఒకే సున్నపు పొర కప్పుకునేది. హంపీ విరూపాక్ష గోపురం ఇప్పటికీ లేత మీగడ రంగులో, ఆ సున్నపు ఛాయను గుర్తుచేస్తూ నిలబడి ఉంది. వెల్ల వేసేటప్పుడు సున్నంలో కాస్త నీలిమందు కలపడం మన ఇళ్లలోనూ ఉన్న అలవాటే. సున్నం పాతబడితే పసుపు ఛాయ తిరుగుతుంది, నీలం ఆ పసుపును అణిచి తెలుపును మరింత తెల్లగా చూపుతుంది.

ఈ పొర వల్ల జరిగిన మేలు ఒకటి ఉంది, ఈ కథకంతా కీలకం అదే. సున్నం కింద ఏ బట్టీ ఇటుక ఉందో, ఏ బండ నుంచి కొట్టిన రాయి ఉందో పైకి తెలియదు. ఇటుకలో సగం ఎర్రగా, సగం నల్లగా కాలినా ఫరవాలేదు. రాతిలో చార ఉన్నా, మచ్చ ఉన్నా ఫరవాలేదు. రాయి పని బరువు మోయడం, రంగు పని సున్నానిది. కాబట్టి కొండ నుంచి కొట్టిన రాయిలో దాదాపు ఏదీ వృథా పోలేదు. పగిలిన ముక్క పునాదిలోకి, చిన్న చిప్పలు గోడ నడుమ నింపడానికి, మిగిలింది చెరువు కట్టకు.

అయితే సున్నం శాశ్వతం కాదు. శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం ఎత్తు 136 అడుగులు, అంతస్తులు ఏడు. అది అయిదు వందల ఏళ్లకు దగ్గరవుతూ, 2010 మే 26న రాత్రివేళ నిలువునా కుప్పకూలింది. పగుళ్లు అంతకు ముందే కనిపించాయి. దాని స్థానంలో కట్టిన కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. పాత గోపురం కూలిన రోజున ఆ ఊరివాళ్లు ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చారు. ఊరికి ఆనవాలుగా నిలిచింది పోతే అంతే మరి.

సున్నం కాని రంగు ఒకటి పైకెక్కింది, బంగారం. తిరుమలలో ఆనందనిలయ విమానానికి పూత వేయించడానికి కృష్ణదేవరాయలు 1518లో 30 వేల వరహాలు సమర్పించారని శాసనం చెబుతోంది. బంగారానికి తుప్పు లేదు, వెలిసిపోవడం లేదు. కాకపోతే ఆ భాగ్యం ఒక్క దేవుడి విమానానికే.

డబ్బా రంగులు వచ్చాక

ఇరవయ్యో శతాబ్దంలో, ముఖ్యంగా స్వాతంత్ర్యం తర్వాత, దక్షిణాది గోపురాలు రంగులమయమయ్యాయి. కారణం రసాయన శాస్త్రం. నూనె రంగులు, ఎనామిల్, ఆ తర్వాత ఎమల్షన్ దుకాణాల్లో డబ్బాల్లో దొరకడం మొదలైంది. వీటికి సున్నం అనుమతి అవసరం లేదు. ఆకాశనీలం, చిలకపచ్చ, గులాబి, ఊదా, అంతకు ముందు గోపురం మీద నిలవలేని రంగులన్నీ ఒక్కసారిగా సాధ్యమయ్యాయి. మధుర మీనాక్షి గోపురాలు ఈ మార్పుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. మన వైపు కూడా చిన్న ఊరి గుడి గోపురం దాకా అదే దారి పట్టింది.

పురావస్తు అభిమానులు చాలామంది దీన్ని చూసి ముఖం చిట్లిస్తారు. నేను వాళ్లతో ఏకీభవించను. మధ్యాహ్నం ఎండలో గోపురం అడుగున నిలబడి పైకి చూడండి. నడినెత్తిన సూర్యుడుంటే బొమ్మల నీడలు మాయమవుతాయి. ఒకే తెలుపులో ఉన్న అయిదో అంతస్తు బొమ్మల్లో ద్వారపాలకుడెవరో, దేవత ఎవరో, వాహనమేదో వంద అడుగుల కింద నుంచి పోల్చుకోవడం కష్టం. నీలం ఒంటితో విష్ణువు, ఎర్రచీరతో లక్ష్మి, పచ్చని ఒంటితో మీనాక్షి ఉంటే చంకలో పిల్లవాణ్ణి ఎత్తుకున్న తల్లి వేలు పెట్టి చూపించగలదు. ఎత్తైన కట్టడం మీద రంగు చేయాల్సిన మొదటి పని ఇదే, కింద ఉన్నవాడికి పైనున్నది కనిపించేలా చేయడం. ఈ పనిని డబ్బా రంగులు బాగా చేశాయి. నాకున్న అభ్యంతరం వేరు. సున్నం ఊపిరి పీలుస్తుంది, గోడలోకి దిగిన తేమను బయటికి వదులుతుంది. దట్టమైన నూనె రంగు ఆ తేమను లోపలే బంధిస్తుంది. కొన్నాళ్లకు పూత పొరలుగా లేచి, కింద ఉన్న పాత గచ్చును కూడా వెంట లాక్కుపోతుంది.

రంగు వెలిసిపోతుందన్న భయానికి మనవాళ్లు వెతుక్కున్న జవాబు పన్నెండేళ్ల లెక్క. కుంభాభిషేకం వచ్చిందంటే గోపురం చుట్టూ సరుగుడు కర్రలతో పరంజా లేస్తుంది, తడికలు కడతారు, శిల్పులు విరిగిన చేతులూ ముక్కులూ గచ్చుతో అతుకుతారు, పైనుంచి కిందకు రంగు దిగుతుంది. చందాలు ఊరంతా వేసుకుంటారు. రంగును ఇలా ఊరి బాధ్యతగా, కాలపట్టికతో సహా పెట్టుకున్న ఏర్పాటు నగరాల్లోని మేడలకు ఎక్కడా కుదరలేదు. అక్కడ ఒక్కసారి కట్టి, మళ్లీ చేయి పెట్టనక్కరలేని రంగు కావాలన్నారు. ఆ కోరికే రాతి వైపు నడిపించింది.

మసి, కిటికీలు, కూలిన పాలరాయి

అమెరికాలోని షికాగోలో 1895లో పూర్తయిన రిలయన్స్ బిల్డింగుకు తెల్లని మెరుపు పూతతో కాల్చిన మట్టి పలకలు తొడిగారు. బొగ్గు పొగతో నల్లబడే ఆ నగరంలో వాన పడితే గోడ తనంతట తాను కడిగేసుకుంటుందని వాళ్ల ఆశ. న్యూయార్కులో రేమండ్ హుడ్ అనే వాస్తుశిల్పి దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లాడు. లేత రంగు మేడ మీద కిటికీలు నల్లని గుంటల్లా కనబడి కట్టడం రూపును చెడగొడుతున్నాయని అతని బాధ. అందుకే 1924లో కట్టిన అమెరికన్ రేడియేటర్ బిల్డింగుకు నల్ల ఇటుక వాడాడు, కొసలకు బంగారు రంగు పెట్టాడు. గోడా కిటికీలూ ఒకే నలుపులో కలిసిపోయి మేడ మొత్తం ఒకే ముద్దగా నిలిచింది. అతనే 1931లో మెక్‌గ్రా-హిల్ బిల్డింగును నీలి పచ్చ పలకలతో కట్టాడు. రంగును అలంకారంగా కాక ఎత్తైన కట్టడం సమస్యలకు పరిష్కారంగా చూసిన మనిషి కాబట్టి హుడ్ అంటే నాకు గౌరవం.

మన దగ్గర ఆ కాలంలో మేడలు ఇంకా అంత ఎత్తుకు పోలేదు. పెద్ద ప్రభుత్వ కట్టడాలకు మాత్రం రాతి సొంత రంగునే చూపించడం మొదలైంది. హైదరాబాదులో 1920 నాటి హైకోర్టు గులాబి గ్రానైటు, ఎర్ర ఇసుకరాయి కలిసిన భవనం. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ గులాబి గ్రానైటుది. బెంగళూరులో 1868 నాటి అఠారా కచేరీ ఎర్ర రంగు పూసిన భవనమైతే, దానికెదురుగా 1956లో పూర్తయిన విధానసౌధ నిఖార్సయిన రాతి కట్టడం. విధానసౌధను కాస్త దగ్గరగా చూడాలి. గోడలన్నీ బెంగళూరు బూడిద రంగు గ్రానైటు. దానికి మాగడి గులాబి రాయీ, తురువెకెరె నల్లరాయీ జోడించారు. బూడిద రంగు బండలు కూడా అన్నీ ఒకే ఛాయలో లేవు. ఒకటి కాస్త నీలిగా, పక్కది కాస్త పసుపుగా ఉంటుంది. గోడ మందంగా ఉంది, ప్రతి రాయినీ చేత్తో చెక్కారు, ఆ తేడాలు గోడకు ప్రాణం పోశాయి.

ఆ తర్వాత ఎత్తు పెరిగింది. మద్రాసులో 177 అడుగుల ఎల్ఐసీ భవనం 1959లో వచ్చింది. బెంగళూరు ఎం.జి. రోడ్డు మీద 25 అంతస్తుల పబ్లిక్ యుటిలిటీ బిల్డింగు 1973లో లేచింది. ఇవన్నీ కాంక్రీటు కట్టడాలు. కాంక్రీటుకు రంగు లేదు, వానకు నల్లబడటం మాత్రం తెలుసు. దానికి పైన ఏదైనా తొడగాలి.

ఏం తొడగాలన్న ప్రశ్నకు షికాగోలో ఒక ఖరీదైన పాఠం దొరికింది. 1973లో అక్కడ 83 అంతస్తుల స్టాండర్డ్ ఆయిల్ భవనం పూర్తయింది. ఇటలీలోని కరారా నుంచి తెప్పించిన తెల్లని పాలరాయిని పలుచని పలకలుగా కోసి, సుమారు 43 వేల పలకలు గోడలకు బిగించారు. భవనం పూర్తి కాక ముందే 350 పౌండ్ల పలక ఒకటి ఊడి పక్క భవనం పైకప్పును చీల్చుకుని లోపల పడింది. తర్వాత ఏళ్లలో ఎండకూ మంచుకూ పలకలు వంగిపోసాగాయి. పాలరాయిలో స్ఫటికాలు వేడికి వ్యాకోచించి మళ్లీ పాత చోటికి సరిగ్గా రావు. మందంగా ఉంటే దిమ్మ ఓర్చుకుంటుంది, పలుచగా కోస్తే విల్లులా వంగుతుంది. చివరికి 1990 నుంచి 1992 దాకా మొత్తం పాలరాయినీ ఊడదీసి తెల్ల గ్రానైటు తొడిగారు. ఖర్చు 8 కోట్ల డాలర్లు దాటింది.

ఇంతలో న్యూయార్కులో 1984లో ఫిలిప్ జాన్సన్ ఏటీ అండ్ టీ భవనాన్ని గులాబి గ్రానైటుతో కట్టి గాజు పెట్టెల కాలంలో పెద్ద సంచలనం రేపాడు. దానికి వాడిన రాయి 13 వేల టన్నులు. కార్పొరేట్ మేడ అంటే మెరిసే గ్రానైటు అన్న మోజు 1980ల్లో ప్రపంచమంతా పాకింది. వజ్రపు పళ్ల రంపాలు గ్రానైటును 20, 30 మిల్లీమీటర్ల పలకలుగా కోయగలగడంతో మోజుకు వీలు కూడా తోడైంది. రంగురంగుల రాయి ఎక్కడ దొరుకుతుందా అని వెతికిన చూపు మన కొండల మీద పడింది అప్పుడే.

కొండలో రంగు

పెద్దతిప్పసముద్రం నుంచి కుప్పం దాకా పరుచుకున్న ఈ నేల ప్రపంచంలోని అతి పురాతన రాతి నేలల్లో ఒకటి. ఇక్కడి నైసులు, గ్రానైట్లలో చాలావరకు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. కరిగిన రాతిముద్ద లోతుల్లో నెమ్మదిగా చల్లారితే అందులోని ఖనిజాలు పలుకులు పలుకులుగా పేరుకుంటాయి. తెల్లదనం క్వార్ట్జ్, ఒక రకం ఫెల్డ్‌స్పార్ వల్ల వస్తుంది. గులాబి రంగు పొటాష్ ఎక్కువగా ఉన్న ఫెల్డ్‌స్పార్‌ది. నల్లని చుక్కలు బయొటైట్, హార్న్‌బ్లెండ్‌లవి. తర్వాతి కాలంలో ఈ నేల పగిలిన చోట, పగుళ్ల గుండా లోపలి నుంచి ఎగదన్నిన ద్రవం గోడల్లా గడ్డకట్టింది. అదే డోలరైటు, వ్యాపారంలో నల్ల గ్రానైటు. పాత చిత్తూరు జిల్లాలో ఈ నల్లరాతి గోడలు పొలాల మీదుగా మైళ్ల కొద్దీ సాగుతాయి. రైతు దృష్టిలో అవి నాగలికి అడ్డం వచ్చే గుండ్ల వరుస.

మిగతా తెలుగు నేల కూడా ఇలాగే రంగుల సంచి విప్పింది. ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్లరాతిలో బంగారు రజను చల్లినట్టు మెరిసే చుక్కలుంటాయి, దాన్ని ప్రపంచమంతా 'బ్లాక్ గెలాక్సీ' అంటుంది. కరీంనగర్ గోధుమ రంగు రాయి 'టాన్ బ్రౌన్'. వాషింగ్టన్‌లో 1982లో వెలిసిన వియత్నాం యుద్ధ స్మారకపు గోడ నల్లరాయి మన పొరుగున ఉన్న బెంగళూరు నుంచి వెళ్లింది. యాభై ఎనిమిది వేల దాకా పేర్లు చెక్కిన ఆ గోడ ముందు నిలబడిన మనిషికి తన ముఖమే పేర్ల మధ్య కనిపించేంత నునుపుగా దాన్ని మెరుగుపెట్టారు.

ఇక్కడి రాతిపని కొత్తదేమీ కాదు. వడ్డెరలు తరతరాలుగా ఈ బండల మీదే బతికారు. బండ మీద కట్టెలు పేర్చి మంట వేసి, వేడికి పై పొర విడివడి లేచే క్షణాన్ని చప్పుడును బట్టి కనిపెట్టి పలకలు తీసేవాళ్లు. ఉలితో వరసగా గుంటలు కొట్టి, ఇనుప మేకులు దిగ్గొట్టి, సమ్మెట దెబ్బతో గుండును గీత గీసినట్టు చీల్చేవాళ్లు. బండకు నార ఎటు ఉందో, ఎటు చీలుతుందో వాళ్ల చేతికి తెలుసు. క్వారీ వచ్చాక ఆ చేతిలోకి కంప్రెసర్ డ్రిల్లు వచ్చింది. తర్వాత వజ్రాల తీగ రంపం వచ్చింది. కొండ మెట్లు మెట్లుగా తెగింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. వంద మీటర్ల ఎత్తు, ఒక్కో వైపు 30 మీటర్ల వెడల్పు ఉన్న మేడ అనుకుందాం. నాలుగు వైపులా కలిపి 12 వేల చదరపు మీటర్ల గోడ. అందులో సగం కిటికీలకు పోతే 6 వేల చదరపు మీటర్లకు రాయి కావాలి. 30 మిల్లీమీటర్ల పలక కోయడానికి రంపం తినే రాయితో కలిపి 38 మిల్లీమీటర్ల దాకా ఖర్చవుతుంది. అంటే దాదాపు 230 ఘనమీటర్ల బ్లాకులు, బరువు 600 టన్నుల పైమాట. ఇది అమ్ముడుపోయిన రాయి లెక్క మాత్రమే. తవ్విన నాలుగు పాళ్లలో ఒక పాలు మాత్రమే బ్లాకుగా పనికొచ్చిందనుకుంటే, ఆ ఒక్క మేడ కోసం కొండ నుంచి ఊడేది రెండు వేల నాలుగు వందల టన్నులకు పైనే.

మిగతా మూడు పాళ్లు ఎందుకు పనికిరాలేదు? కొంత పగుళ్ల వల్ల, కొంత కొలత చాలక. మరి కొంత, రంగు కలవక. ఎత్తైన గోడ మీద వేల పలకలు పక్కపక్కనే ఉంటాయి. ఒక్క పలక కాస్త వేరే ఛాయలో ఉన్నా వీధిలో పోయేవాడి కంటికి అతుకు వేసినట్టు కనబడుతుందని బిల్డరు భయం. అందుకే కొనుగోలు పత్రంలో మొదటి షరతు ఒకే ఛాయ. అన్ని బ్లాకులూ ఒకే క్వారీ నుంచి, వీలైతే ఒకే ముఖం నుంచి రావాలంటారు. రెండు వందల యాభై కోట్ల ఏళ్ల కిందట ఎవరూ కలియబెట్టని ముద్దలో అంతటా ఒకే రంగు ఉండాలంటే ఎలా? చార రాయి స్వభావం, మచ్చ రాయి స్వభావం. పాత గుడి సున్నం కప్పుకుని రాతిని రాయిగా ఉండనిచ్చింది. కొత్త మేడ రాతినే రంగుగా కొనుక్కుంది, కాబట్టి రంగు మారిన రాతిని కొండ పక్కనే గుట్టగా పోయించింది. ఆ గుట్టలు ఇప్పుడు వాగులకు అడ్డం పడ్డాయి, మేత బీళ్లను కప్పేశాయి, వాన నీరు చెరువుకు చేరే దారులను మూసేశాయి. చెరువుల మీదే బతికే పెద్దతిప్పసముద్రం లాంటి మెట్ట ప్రాంతంలో ఇది చిన్న నష్టం కాదు.

ప్రభుత్వం కూడా ఈ రాతిని రంగుతోనే లెక్కగడుతుంది. ఆంధ్రప్రదేశ్ చిన్నతరహా ఖనిజాల నిబంధనల్లో సీనరేజి, అంటే తవ్విన రాతిపై రుసుము, వసూలుకు బ్లాక్ గ్రానైటు ఒక తరగతి, కలర్ గ్రానైటు ఇంకొక తరగతి. లారీ చెక్‌పోస్టు దగ్గర ఆగినప్పుడు పర్మిట్‌లో చూసేది ఆ రంగు, ఆ కొలత. పనివాడి ఊపిరితిత్తులకు మాత్రం అలాంటి తరగతి లేదు. పొడిగా డ్రిల్లు వేస్తే లేచే సన్నని సిలికా దుమ్ము తెల్లరాయిలోనూ పచ్చరాయిలోనూ ఒక్కటే. ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, వచ్చాక నయం కాదు. డ్రిల్లుకు నీటి ధార కలిపితే దుమ్ము చాలావరకు అక్కడే అణుగుతుంది. రంగు చూడటానికి ఒక బకెట్టు నీళ్లు తెప్పించే చోట, పనివాడి ప్రాణం కోసం నీటి గొట్టం పెట్టడం ఎంత పని?

గాజు వెనక మళ్లీ తెలుపు

1998లో హైదరాబాదు హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక మేడ రంగు అంటే గాజు రంగన్న భావన మన నగరాల్లో స్థిరపడింది. నీలి గాజు, పచ్చ గాజు, రాగి ఛాయ గాజు. ఎండాకాలం 40 డిగ్రీలు దాటే చోట గాజు పెట్టె కట్టి దానికి ఏసీలు బిగించడం ఎంత భారమో వేరే చెప్పక్కర్లేదు. చిన్న పట్టణాల్లో గాజుతో పాటు అల్యూమినియం ఏసీపీ షీట్లు వచ్చాయి. మదనపల్లెలో బజారు వెంట నడిస్తే దుకాణాల ముఖాలన్నీ ఆ ఎరుపూ నారింజా షీట్లే. వెనక ఉన్న పాత మిద్దె, సున్నపు గోడ, చెక్క కిటికీ ఆ షీటు కింద దాక్కున్నాయి.

తెలుపు విలువ మళ్లీ గుర్తొస్తోంది. ఎండను వెనక్కు తిప్పికొట్టే పైకప్పులను ప్రోత్సహిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, అయిదేళ్ల గడువుతో. అదే ఏడాది ప్రారంభమైన సచివాలయం 265 అడుగుల ఎత్తున తెల్లగా నిలిచింది. నల్ల గ్రానైటు పగలంతా వేడి తాగి రాత్రంతా విడుస్తుంది. సున్నం ఆ పని చేయదని మన మిద్దెల మీద వేసవికి ముందు సున్నం కొట్టించే ప్రతి ఇల్లాలికీ తెలుసు.

ఇన్ని చెప్పినా మేడలు రాతిని మానేస్తాయని నేననుకోను, మానేయాలని కూడా అనను. క్వారీలు, పాలిష్ యూనిట్లు కుప్పం వైపు ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్నాయి. మారాల్సింది ఒకే ఛాయ అన్న షరతు. రాయి బాగా తెలిసిన వాస్తుశిల్పులు ఒకే నమూనా పలకకు బదులు, అన్నిటికంటే లేతదీ అన్నిటికంటే ముదురుదీ రెండు పలకలు చూపించి, ఈ రెంటి మధ్య ఏ ఛాయ వచ్చినా ఒప్పుకుంటామని రాసిస్తారు. అంతే మార్పు. అంత మాత్రానికే క్వారీలో గుట్ట పాలయ్యే రాతిలో కొంత గోడ ఎక్కుతుంది. చారలున్న పలకలను కింది అంతస్తులకు, ఒకే ఛాయవి పైకి పంపే పద్ధతీ ఉంది. మిగిలిన చిప్పలను ఎం-శాండ్‌గా, అంటే ఇసుకకు బదులు వాడే రాతిపొడిగా, నూరవచ్చు, రోడ్ల అంచుకు వాడవచ్చు. ఈ షరతులు రాసేది నగరంలో, ఏసీ గదిలో కూర్చున్న డిజైనరు. ఆయన ఒక్కసారి మదనపల్లె బస్సెక్కి వచ్చి, తాను కాదన్న రాయి ఏ వాగుకు అడ్డంగా పడి ఉందో చూసి వెళ్తే బాగుంటుంది. బెంగళూరు నుంచి మూడు నాలుగు గంటల దారి.

వచ్చే భాగంలో పుంగనూరు జమీందారీ కట్టడాల దగ్గరికి వెళ్దాం.